తిరగటం మానేసిన ఎలక

తిరువూరు,
1974 జూన్ 9.

చిరంజీవి జానీబాషాకి, మేనత్త పీర్‌బీ దీవించి రాసేది.

సోమవారం నువ్వు వేసిన కవరు నిన్న శనివారం అందింది. ఈ ఐదు రోజులూ నీకేదో అయ్యుంటుందని నాకు ముద్ద దిగలేదు. బస్సు కింద పడ్డావనుకున్నా, జ్వరమొచ్చిందనుకున్నా. తీరా చింపి చూస్తే రెండు పేజీల నిండా ఎలకలు.

రెండుసార్లు చదివాను. అర్థంకాక కాదు, నమ్మబుద్ధికాక. బాగా ఉన్న ఎలకని పట్టుకుని, దాని బుర్రకి బొక్కపెట్టి, లేని రోగం తెప్పించి, ఆ తర్వాత ఆ రోగం కుదురుస్తారా? దీనికి పెద్ద పెద్ద మేడలు కట్టి, నీలాంటి వాళ్ళకి తెల్లకోట్లు తొడిగి కూర్చోబెట్టారా? తల్లి పోయిన పిల్లాడివని నిన్ను చంకనేసుకుని పెంచి, నాలుగో తరగతిలో లెక్కలు రాకపోతే నేనే దగ్గర కూర్చుని చెప్పించింది, ఎలకల చుట్టూ కూర్చుని లెక్కపెట్టటానికా?

ఇక్కడ రోగం ఉన్న మనిషి ఉన్నాడు. బొక్క పెట్టే పని కూడా లేదు.

మీ మామ సంగతి రాస్తున్నా. కుడిచెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నా ఆడుతూనే ఉంది. బొటనవేలూ చూపుడువేలూ దూదిలోంచి గింజ నలిపి తీస్తున్నట్టు ఒకటే కదలటం. గడప దగ్గరికొచ్చి కాళ్ళు అతుక్కుపోయినట్టు నిలబడిపోతున్నాడు. వెనకనుంచి నేను "ఊఁ, వెయ్యి, వెయ్యి అడుగు" అంటే అప్పుడు కదులుతాడు. నాలుగు నెలలైంది దూది ఏకే విల్లు పట్టుకుని. పరుపులు కుట్టించుకునేవాళ్ళు విస్సన్నపేట పోతున్నారు. మొహంలో నవ్వు పోయింది. కోపంగా ఉన్నాడో కులాసాగా ఉన్నాడో ముప్పై తొమ్మిదేళ్ళు కాపరం చేసినదాన్ని, నాకే తెలియటం లేదు. మాట కూడా సన్నగా అయిపోయింది, దగ్గరికెళ్ళి చెవి పెట్టాలి.

ఇక్కడి డాక్టరుకి చూపిస్తే వయసమ్మా అన్నాడు. "వయసు నాకూ ఉంది, నేను ఊగుతున్నానా?" అన్నాను. "మీరు నోటితో ఊగుతున్నారుగా" అన్నాడు. వాడి పళ్ళు రాలిపోను.

నీ చదువులో మీ మామకి పనికొచ్చేది ఉందా, లేదా? ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. ఎలకల కథ వద్దు. ఆ ఎలకల్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటున్నావా? కరిస్తే ఏం చేస్తావు?

పీర్‌బీ.


హైదరాబాదు,
1974 జూన్ 21.

అత్తకి, జానీబాషా సలాం.

ఉందో లేదో ఒక్కమాటలో చెప్పటానికి ఇది సోదె కాదు, సైన్సు. నిదానంగా చదువు. అర్థంకాకపోతే పోస్టుమాస్టరు సీతారామారావుగారి చేత చదివించుకో.

మామది వయసు కాదు. ఆ డాక్టరుకి పట్టా ఎవరిచ్చారో గాని, వాకిట్లో నిలబడి చూసినా తెలిసిపోయే రోగం అది. పార్కిన్సన్ రోగం అంటారు. మెదడు లోపల చిన్న నల్లటి చోటు ఒకటుంది. అక్కడ తయారయ్యే సరుకు తగ్గిపోతే చెయ్యి వణుకుతుంది, కాళ్ళు బిగుసుకుపోతాయి. ఈ రోగం ఎలకకి తనంతట తాను రాదు. అందుకని తెప్పించాలి. ఒక పక్క మెదడులోకి సన్నటి సూదితో మందు దించితే ఆ పక్క సరుకు అయిపోతుంది. అప్పుడు హుషారెక్కే మందు కొంచెం ఇస్తే ఎలక గానుగెద్దులాగా ఒకే పక్కకి గుండ్రంగా తిరుగుతుంది. పది నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగిందో నేను లెక్కపెడతాను. నవ్వుకుంటే నవ్వుకో.

ఇప్పుడు అసలు సంగతి. చుట్టలూ సిగరెట్లూ కాల్చేవాళ్ళకి ఈ రోగం తక్కువగా వస్తోందని పైదేశాల్లో లెక్కలు తీశారు. పొగాకులో నికోటిన్ అనే సారం ఉంది. మెదడులో ఆ సారం వచ్చి కూర్చునే చోట్లు ఉన్నాయి, రిసెప్టర్లు అంటాం. పీటలనుకో. సారం ఆ పీటల మీద కూర్చుంటే తగ్గిపోయిన సరుకు మళ్ళీ ఊరుతుందని నా నమ్మకం. పోయిన వారం ఎనిమిది ఎలకలకి ఇచ్చాను. అరవై చుట్లు తిరిగేవి పన్నెండుకి దిగాయి. ఒక్కసారి ఇస్తేనే! ఇంకో ఎనిమిదింటికి ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించాను, అవి ఎప్పటిలాగే తిరిగాయి. అలా మందు లేనివాటిని పక్కన పెట్టి చూడకుండా ఏ మాటా నమ్మకూడదు. మీ ఊరి వైద్యులకీ మాకూ ఉన్న తేడా అదే.

మామ చుట్ట ఎప్పుడు మానాడు? ఎందుకు మానాడు? ఒకప్పుడు కాల్చేవాడని నాన్న అనగా విన్నాను గాని, నాకు తెలిసి ఆయన నోట్లో చుట్ట చూడలేదు. రాయి, ఇది ముఖ్యం.

చేతులు కడుక్కుంటున్నాను. కరవవు.

జానీ.


తిరువూరు,
1974 జూలై 2.

జానీకి, అత్త దీవెనలు.

సీతారామారావుగారి దాకా పోనక్కర్లేకపోయింది. నీకు అక్షరాలు దిద్దించినదాన్ని, నీ రాత నేను చదవలేనా? నీ పీటల సంగతి మీ మామకి వినిపించాను. చెవి దగ్గర పెట్టి అడిగితే ఏమన్నాడో తెలుసా? "చుట్టాలు రాక నా బుర్రలో పీటలు ఖాళీగా ఉన్నాయంటాడు" అన్నాడు. మొహం కదలకుండా అన్నాడు గాని నవ్వుతున్నాడనే అనుకుంటున్నా.

పొగాకు గురించి నువ్వు నాకు చెప్తావా? నువ్వు పుట్టకముందు ఆరేళ్ళు గంపలగూడెం పక్క తోటల్లో ఆకు గుచ్చినదాన్ని. మంచుకి తడిసిన పచ్చాకు ఒళ్ళో వేసుకుని దారానికి గుచ్చుతూ కూర్చుంటాం. కొత్తగా వచ్చినవాళ్ళకి ఎండెక్కేసరికి మొదలవుతుంది. కళ్ళు తిరగటం, చల్లటి చెమట, కడుపులో ఉన్నదంతా బయటికి రావటం. పక్కన పడుకోబెడితే కాలు కదపరు, మాట్లాడరు. మేస్త్రి చూసి నవ్వేవాడు, ఆకు ఎక్కిందే అని. శివపార్వతి అని ఒకతె ఉండేది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నోరు మూయదు. మొదటిరోజు ఆకు ఎక్కి పలుకూ ఉలుకూ లేకుండా పడుంది. అది చూసి దాని వాగుడు రోగం తగ్గిందని సంబరపడ్డామా? ఎనిమిదో రోజుకి ఆకు అలవాటైంది, మళ్ళీ వాగటం మొదలెట్టింది.

నీ ఎలకలూ అంతే. రోగం తగ్గి కాదురా తిరగటం మానేసింది, కళ్ళు తిరిగి. ఆ రోజు అవి మేత తిన్నాయా? చూశావా? మర్నాడూ, ఆ మర్నాడూ కూడా ఇచ్చి చూశావా? ఒక్కరోజు ఇచ్చి, కూలబడ్డ ఎలకని చూసి, కుదిరింది అని కాగితం మీద రాసుకున్నావు. ఇంత తెలివి నీకు ఎక్కడినుంచి వచ్చింది? మా అన్నది మాత్రం కాదు.

మీ మామ చుట్ట మానేసి ఇరవై రెండేళ్ళు. ఎందుకు మానాడంటే మానాడు. అది నీకక్కర్లేదు.

గడప దగ్గర ఆగటం ఎక్కువైంది. ఈ వానల్లో జారితే ఎలాగోనని ఆయన వెనకే తిరుగుతున్నాను. నీకు గొడుగు ఉందా?

పీర్‌బీ.


హైదరాబాదు,
1974 జూలై 15.

అత్తకి, జానీ రాసేది.

కూలీల వాంతులు తెచ్చి నా ఎలకలకి అంటగడుతున్నావు. ఎలకలకి ఇచ్చిన మోతాదు ఎంతో, తూకం ఎంతో నీకు తెలుసా? శివపార్వతి వాగుడుకీ మెదడులో సరుక్కీ సంబంధం ఏంటి? ఏడేళ్ళు చదివినవాణ్ణి నేను. నాలుగు తరగతులు చదివి పచ్చాకు గుచ్చినవాళ్ళు నాకు పాఠం చెప్పే కాలం వచ్చింది. ఈ ఉత్తరం మా వాళ్ళకి చదివి వినిపిస్తే పొట్టపట్టుకుని నవ్వారు.

ఊరికే మాటలెందుకు, చేసి చూపిస్తాను. ప్రభుదాసు ఉన్నాడుగా, బస్సు కండక్టరు, అతనిచేత ఆ సారం పోసిన ఒక చిన్న సీసా పంపుతున్నాను. ఎంత ఉందో తెలిసేలా సీసా మీద గీత పెట్టాను. రోజూ పొద్దున మూడు చుక్కలు నీళ్ళలో వేసి మామకివ్వు. మూడంటే మూడే. పిల్లలెవరికీ అందనివ్వకు. మా ప్రొఫెసరుకి ఇంకా చెప్పలేదు, మామకి తగ్గాక చెప్తా.

నాకు కావలసింది కబుర్లు కాదు, లెక్కలు. చొక్కా గుండీలు ఐదింటిలో ఎన్ని తనే పెట్టుకుంటున్నాడు, గడప దగ్గర ఎంతసేపు ఆగుతున్నాడు, రాయి. నువ్వు ఇవ్వనంటే నేనే సెలవు పెట్టి వచ్చి, నా చేత్తో పోసి వెళ్తాను. మామ నా మాట కాదనడని నీకూ తెలుసు.

జానీ.


తిరువూరు,
1974 ఆగస్టు 4.

చిరంజీవి జానీకి.

సీసా చేరింది. ఇస్తున్నాం. తగ్గింది. గుండీలు ఐదూ తనే పెట్టుకుంటున్నాడు. గడప దగ్గర ఆగటం లేదు. నువ్వు రావలసిన పని లేదు. వానలు బాగున్నాయి. అందరం బాగున్నాం.

అత్త.


హైదరాబాదు,
1974 ఆగస్టు 14.

అత్తా!

చూశావా? మూడు వారాలు కూడా కాలేదు! ఇప్పుడేమంటావు? నీ ఆకు గుచ్చే పాండిత్యం ఎక్కడికి పోయింది? ఒక్క తిట్టు కూడా రాయలేదంటే ఎంత సిగ్గుపడ్డావో నాకు అర్థమైంది. పోనీలే, పెద్దదానివి, మరీ గుచ్చి గుచ్చి అడగను.

ఆ కార్డుని నా పుస్తకంలో అంటించాను. ఐదుకి ఐదు గుండీలు! నేను కూడా ఇంత అనుకోలేదు. ఇక ఐదు చుక్కలు చెయ్యి. విల్లు పట్టగలుగుతున్నాడా? పట్టిస్తే ఎంతసేపు ఏకాడో రాయి.

ఇక్కడ నాతోపాటు పనిచేసేవాళ్ళు ఎలకలకి ఇంకా పది రకాల మందులు పోసి చూస్తున్నారు. పోస్తూనే ఉంటారు. మనిషి మీద చూసినవాడు ఒక్కడూ లేడు. రోగమంటే ఏంటో ఇంట్లో చూసి పెరగనివాళ్ళకి అంత గుండె ఎక్కడినుంచి వస్తుంది?

ఎలకలు మేత తిన్నాయా అని అడిగావు. నేను ఎలకలకి వంటవాణ్ణి కాదు.

జానీ.


తిరువూరు,
1974 సెప్టెంబరు 8.

చిరంజీవి జానీకి.

ఐదు చుక్కలే ఇస్తున్నాం. ఇంకా తగ్గింది. పావుగంట ఏకాడు. నాకు కొంచెం నలతగా ఉంటే నాలుగు రోజులు పక్కింటి అంతోనమ్మ వచ్చి వండిపెట్టింది. ఇప్పుడు బాగానే ఉంది. మీ మామ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. మాట కొంచెం తేడాగా వస్తోంది గాని అడిగాడు.

నువ్వు ఇంకా ఎక్కువ చుక్కలు ఇవ్వమని రాయకు. ఇవి చాలు. ఆ ఎలకలకి మాత్రం వరసగా ఎనిమిది రోజులు ఇచ్చి చూడరాదూ? ఊరికే అడుగుతున్నా.

అత్త.


హైదరాబాదు,
1974 అక్టోబరు 7.

అత్తకి, మామకి సలాం.

ఈ ఉత్తరం మామకి గట్టిగా చదివి వినిపించు.

మా ప్రొఫెసరుకి మొత్తం చెప్పేశాను. చెప్పకుండా పంపినందుకు ముందు మండిపడ్డాడు. తర్వాత ఎలకల లెక్కలు చూశాడు, నీ కార్డులు చూశాడు. నేను ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్తుంటే ఆయనే స్వయంగా రాసుకున్నాడు. మామ పేరు ఉండదు, "తిరువూరు రోగి" అని ఉంటుంది. ఢిల్లీలో జరిగే సభలో చదువుతాడట. పక్కన నా పేరు.

ఇంకా పెద్ద సంగతి. వచ్చే సోమవారం, పద్నాలుగో తారీకున, మా ఆసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి మొదలుపెడుతున్నాం. నువ్వు మామకిచ్చినట్టే ఐదు చుక్కలు. మొదట సరోజినీదేవి అని ఒకావిడ, బడిపంతులమ్మగా చేసేది. సుద్దముక్క పట్టుకుంటే బోర్డు మీద టకటకా కొట్టుకుంటుందని పిల్లలు నవ్వేవారట, ఉద్యోగం మానేసింది. "మళ్ళీ బోర్డు మీద రాయగలనా బాబూ?" అని అడిగింది. "మా మామకి ఐదు గుండీలూ వచ్చాయమ్మా" అని చెప్పాను. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కూలీ కబుర్లు విని ఆగిపోయుంటే ఈ రోజు వచ్చేదా? నువ్వే చెప్పు.

జానీ.


తిరువూరు,
1974 అక్టోబరు 12, శనివారం.

జానీకి.

నీ ఉత్తరం ఇప్పుడే పదింటికి అందింది. చదివి, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా పోస్టాఫీసుకి పోయి టెలిగ్రాం ఇచ్చి వచ్చాను. మందు ఇవ్వలేదు, తగ్గలేదు, అంతా అబద్ధం, ఆపు, అని. సీతారామారావుగారు ఇంగ్లీషులోకి మార్చి, కళ్ళజోడు పైకెత్తి, "ఇలా పంపితే అబ్బాయి హడలిపోతాడు పీర్‌బీగారూ, కొంచెం మెత్తగా రాద్దామా?" అన్నాడు. "హడలాలనేనయ్యా, కొట్టు" అన్నాను. అది సోమవారానికి అందుతుందో అందదో. అందకపోతే ఆ పంతులమ్మ గతేంటి? ఈ ఇంట్లో ఇద్దరికీ వణుకే ఇప్పుడు.

మీ మామకి నీ మందు ఒక్క చుక్క కూడా పోయలేదు. సీసా దూది బస్తాలో దాచాను. ప్రభుదాసు చేతికే తిరిగి ఇస్తున్నా, చూసుకో, నువ్వు పెట్టిన గీత దగ్గరే ఉంది. నువ్వు పంపావన్న సంగతి కూడా మీ మామకి చెప్పలేదు. చెబితే, జానీ ఇచ్చాడు కదా అని చెయ్యి చాపి తాగేవాడు.

ఎందుకు పోయలేదో విను. నీకు ఐదో ఏట టైఫాయిడ్ వచ్చింది. పద్దెనిమిది రోజులు కళ్ళు తెరవలేదు. మీ నాన్న గోడకి తల కొట్టుకున్నాడు. మీ మామ మాత్రం మాట్లాడకుండా లేచి, కొండమీది దర్గాకి నడిచిపోయాడు. జేబులో ఉన్న చుట్టల కట్ట అక్కడ పెట్టి, పిల్లాడు లేస్తే జన్మలో పొగాకు ముట్టనని మొక్కాడు. రోజుకి పది చుట్టలు కాల్చే మనిషి. నువ్వు లేచావు. ఆ మొక్కు నీ తలమీద ఉంది. ఆయన చేత పొగాకు సారం తాగించి నీ తలమీదికి ఏం తెస్తానోనని నాకు భయం. నీ సైన్సు నవ్వుతుంది, నవ్వుకోనీ. ఇవ్వనంటే నువ్వే వచ్చి పోస్తానన్నావు. నిన్ను రానివ్వకుండా ఉండాలంటే తగ్గిందని రాయటం తప్ప నాకు దారి కనపడలేదు.

నిజం ఇది. సెప్టెంబరు ఒకటో తారీకున గడప దగ్గర బోర్లాపడ్డాడు. ముందు పళ్ళు రెండు పోయాయి. అందుకే మాట తేడాగా వస్తోందన్నాను. అంతోనమ్మ వండింది నాకు నలతై కాదు, నేను ఆయన మంచం దగ్గర్నుంచి లేవలేక. గుండీ ఒక్కటి కూడా పెట్టుకోలేడు. విల్లు చూరుకి వేలాడుతోంది.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. ఇక నీది చెప్తాను, కూర్చుని విను.

మీ నాన్న పోయినప్పుడు నీకు ఏమని కార్డు వేశాం? "కొంచెం నలతగా ఉంది, ఒకసారి వచ్చి చూసిపో" అని. నువ్వు బస్సు దిగేసరికే ఏడుస్తున్నావు. చదవగానే తెలిసిందన్నావు. మన ఇళ్ళలో ఉత్తరం మీద చెడు రాయరని తెలిసి పెరిగినవాడివి. నేను తిట్టకుండా, నస పెట్టకుండా, నాలుగే ముక్కల్లో "తగ్గింది, అందరం బాగున్నాం" అని రాస్తే నీకు అనుమానం రాలేదా? నేనెప్పుడైనా నీకు అలా రాశానా? నేను సిగ్గుపడ్డానట! నీకు కావలసింది దొరికేసరికి కళ్ళు మూసుకుపోయాయి.

ఎలకలకైతే పక్కన ఉప్పునీళ్ళవి పెట్టి మరీ చూశానన్నావు. అలా చూడకుండా ఏదీ నమ్మకూడదన్నావు, ఊరి వైద్యులకీ మీకూ అదే తేడా అన్నావు. మీ మామ పక్కన ఎవర్ని పెట్టి చూశావు? కళ్ళతోనైనా చూడలేదే! ఒక ముసల్ది కార్డుముక్క మీద గిలికితే, దాన్ని ఇంగ్లీషులో రాసుకుని, ఇంకో ఆడదాని నోట్లో విషం పొయ్యటానికి తయారయ్యారు మీరిద్దరూ, గురువూ శిష్యుడూ. ఎలకకి ఇచ్చినంత విలువైనా మనిషికి ఇవ్వలేదు.

ఆ అమ్మకి ఏమైనా అయితే నాకు రాయి. దాచకు.

పీర్‌బీ.


హైదరాబాదు,
1974 అక్టోబరు 27.

అత్తకి, జానీ సలాం.

దాచొద్దన్నావు. రాస్తున్నాను.

టెలిగ్రాం సోమవారం పదకొండింటికి నా చేతికొచ్చింది. సరోజినీదేవిగారికి తొమ్మిదింటికే ఇచ్చేశాం. టెలిగ్రాం వచ్చేసరికి ఆవిడ వాంతులు చేసుకుంటోంది. ఒళ్ళంతా చల్లటి చెమట. నాడి పడిపోయింది. కాలు కదపలేదు, మాట్లాడలేదు. నువ్వు రాసిన శివపార్వతిని నా కళ్ళతో చూశాను. రెండు గంటలు ఆవిడ మంచం దగ్గర నిలబడ్డాను. సాయంత్రానికి లేచి కూర్చుంది. నన్ను చూసి, "చెయ్యి వణకటం లేదు బాబూ, కాని చెయ్యే ఎత్తలేకపోయాను" అంది. మిగతా ఇద్దరికీ ఇవ్వలేదు.

ప్రొఫెసరు అందరిలో నిలబెట్టి అడిగాడు. ఆయన కూడా కార్డులు చూసే నమ్మాడు, ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. "మీ అత్త నీకంటే నయం, కనీసం చివరికి నిజం చెప్పింది" అన్నాడు. మందుల బీరువా తాళం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. ఢిల్లీ కాగితంలోంచి తిరువూరు రోగిని కొట్టేశారు, నా పేరు కూడా.

ఎలకల దగ్గరికి మాత్రం పోనిస్తున్నారు. వరసగా ఎనిమిది రోజులు ఇచ్చాను. మొదటిరోజు పన్నెండు చుట్లు. మూడో రోజు ముప్పై ఒకటి. ఎనిమిదో రోజు యాభై ఎనిమిది. మొదటిరోజు మేత గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎనిమిదో రోజు ఖాళీ. ఇవి ఎంత తిన్నాయో నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు నేను. నువ్వు జూలైలో అడిగావు. నవ్వించటానికి నలుగురికి చదివి వినిపించాను. ఆ నలుగురూ ఇప్పుడు నాకేసి చూడటం లేదు.

ఆ సారంలో అసలేమీ లేదని మాత్రం ఇప్పుడు కూడా చెప్పలేను. ఉందని చెప్పటానికి నా దగ్గర ఏమీ లేదు. అంతే.

నీ మీద కోపం ఉంది అత్తా. ఆవిడ చచ్చిపోయుంటే నీ కార్డు చేతిలో పట్టుకుని నేనేం చెయ్యాలి? నా మీద ఉన్న కోపం గురించి రాయను, కాగితం చాలదు. మొక్కు సంగతి చదివి నవ్వలేదు. సీసా గీత మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

బెజవాడలో నరాల డాక్టరు ఒకాయన ఉన్నాడు. వచ్చే శుక్రవారం వస్తున్నాను, మామని తీసుకెళ్దాం. లెవోడోపా అని మాత్రలున్నాయి, ఆ అయిపోయిన సరుకు తయారుకావటానికి పనికొచ్చేవి. మనుషులకి ఇచ్చి, పక్కన ఉత్త మాత్రలిచ్చి కూడా చూసినవి. ఆయన చూసి ఇమ్మంటేనే. నేను ఒక్క మాటా చెప్పను.

ఒకటే అడుగుతున్నా. ఇక మీదట చెడైతే చెడే రాయి.

జానీ.


తిరువూరు,
1974 నవంబరు 24.

జానీకి, అత్త దీవించి రాసేది.

బెజవాడ నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో మూడు గంటలు నోరు విప్పలేదు నువ్వు. నీ పక్కన కూర్చోవటం కంటే బస్తా పక్కన కూర్చోవటం నయం. తప్పు చేసినవాడు మూగనోము పడితే ఎదుటివాళ్ళకి సుఖమా? మీ మామ మాత్రం "వాణ్ణి ఏమీ అనకే" అన్నాడు. ఇంటికొచ్చాక మొత్తం చెప్పాను ఆయనకి, సీసా సంగతీ, పంతులమ్మ సంగతీ. విని, "పాపం ఆవిడ" అన్నాడు. నీకోసం కాదు, నాకోసం కాదు, ఆవిడకోసం.

ఆ నరాల డాక్టరు కూడా గొప్పవాడేం కాదు. ఆ మాత్రల్లో పొగాకు ఉందా అని రెండుసార్లు అడిగితే విసుక్కున్నాడు. ఒట్టెయ్యమంటే కుర్చీలోంచి లేచాడు. నువ్వు సిగ్గుతో గోడకేసి చూశావు. ఎందుకురా సిగ్గు? అడగాల్సింది అడిగాను.

చెడు రాయమన్నావుగా. కాగితం నిండా ఉంది, రాసుకో.

మొదటి మూడు రోజులు మాత్ర వేసుకోగానే వాంతి. నాకు పచ్చాకే గుర్తొచ్చి, ఇదీ అదే బాపతని మానిపించబోయాను. డాక్టరు ముందే చెప్పాడని మీ మామే గుర్తుచేశాడు. అన్నం తిన్నాక వేస్తే తగ్గింది. ఐదో రోజు ఏమీ తేడా లేదు. ఎనిమిదో రోజు గుండీ ఒకటి సగం దూర్చాడు, మిగతా సగం నేను లాగాను. అది లెక్కలోకి రాదు. పదో రోజు గడప దగ్గర మళ్ళీ ఆగిపోయాడు, నేను లెక్కపెట్టాను, నూట పది అంకెలు అయ్యాయి. పన్నెండో రోజు నలభై. నిన్న మళ్ళీ డెబ్బై. ఎందుకు పెరిగిందో తెలియదు. రాత్రిళ్ళు కాళ్ళు గుంజుతున్నాయంటున్నాడు. విల్లు దింపమన్నాడు, దింపాను, ముట్టుకుని వదిలేశాడు. ఇందులో ఒక్క ముక్క కూడా మెత్తబరచలేదు. అంతోనమ్మ పక్కనే ఉంది, కావాలంటే దాన్ని కూడా రాయమంటాను, దానికి నా మీద ప్రేమేం లేదు, ఉన్నదున్నట్టే రాస్తుంది.

ఇవాళ పొద్దున టీ ఇచ్చాను. గ్లాసు నేను పట్టుకోబోతే మోచేత్తో తోసేశాడు. తనే తీసుకున్నాడు. చెయ్యి ఊగుతూనే ఉంది, నోటిదాకా పోయింది. సగం చొక్కా మీద ఒలికింది. సగం తాగాడు.

సగమనే రాసుకో.

పీర్‌బీ.